ఇరవయ్యో వంతు

ఏప్రిల్లో కాలువ కట్టేస్తారు.
నీళ్లు పోయాక అడుగున బురద, విరిగిన తెడ్డు,
ఏ పిల్లదో ఒంటి చెప్పు బయటపడతాయి.
మా మిల్లు లెక్కలు తేలేదీ అప్పుడే.

క్రషింగు ఆగింది. బాయిలరు చల్లబడింది.
ఆరేసిన చీరల మీద పిప్పి నుసి రాలడం లేదు.
టైమాఫీసు పక్క గదిలో కూచుని
కాలనీలో నూట పన్నెండు ఇళ్లకి వెల కడుతున్నాను,
ఒక్క ఇంటి గుమ్మమూ తొక్కకుండా.

తొక్కక్కర్లేదు.
చట్టం గోడలు చూడదు, జీతం చూస్తుంది.
పదిహేను లక్షల జనం లేని చోట
జీతంలో నూటికి ఐదు ఇంటి విలువ.
తొలకరి రాత్రి కప్పల్ని కూడా కలిపితే
మేం ఎప్పుడో మహానగరం అయ్యేవాళ్లం.
కలపరు.

బి లైనులో ఏడు, ఎనిమిది.
మధ్యన ఒక్కటే గోడ.
అటు మేకు కొడితే ఇటు సున్నం రాలుతుంది.
ఏడులో నేను. తొమ్మిది లక్షల జీతం, ఇల్లు నలభై ఐదు వేలు.
ఎనిమిదిలో కెమిస్టు దాట్ల రామభద్రరాజు గారు.
ఆయన జీతం పదహారు లక్షలు, ఇల్లు ఎనభై వేలు.
ఒకే మేస్త్రి కట్టాడు, ఒకే రేవు ఇసక,
చెద కూడా ఒక్కటే, రాత్రి అటు, పగలు ఇటు.

"నా వైపేమన్నా బంగారం పూశారేంటండీ?"
కిళ్లీ ఓ బుగ్గకి నెట్టి అడిగారాయన.
మీ జీతానికి పూశారండీ అన్నాను.
"చేతికి రాని డబ్బుకి పన్నేంటండీ?"
చేతి నుంచి పోని డబ్బండీ అది, బయట అద్దెకుంటే పోయేది.
"మరి నెలనెలా కోసే రెండొందల యాభై?"
తీసేశానండీ, ఏడాదికి మూడు వేలు.
ఫ్యాను మాత్రం వేరే గడి.
కంపెనీ కొన్న ధరలో పదో వంతు ఏటా మీ ఆదాయమే.
తిరుగుతుందా లేదా అని ఎవరూ అడగలేదు.

డి లైను దగ్గర పెన్ను ఆగింది.
నేతల ఏసుపాదం, బాయిలరు ఫైర్‌మన్.
జనవరి పంతొమ్మిది దాకానే జీతం.
ఆ తర్వాత ఆ ఇంట్లో ఉన్నది సువార్తమ్మ,
ఆమెకి జీతం లేదు.
సున్నాలో ఇరవయ్యో వంతు సున్నా.
ఇల్లేమో జానెడు కూడా తగ్గలేదు.

మే నెలలో వచ్చి గుమ్మం అవతలే నిలబడింది.
"ఏవన్నా కట్టాలాండీ?"
ఏం లేదమ్మా, నీ పేరున ఆ ఇంటికి విలువ లేదు అన్నాను.
అన్నాక గానీ ఆ మాట నా చెవిన పడలేదు.
ఆమె చెంగు ముడి విప్పి తాళాలు బల్ల మీద పెట్టింది.
రెండు కంపెనీవి, ఒకటి వాళ్లు కొనుక్కున్నది.
ఆ ఒక్కటీ మళ్లీ తీసుకుంది.
"దొండపాదుకి పొద్దున్నే నీళ్లు పోశానండీ.
పందిరి ఆయనేసిందే."
ఫారం అంతా వెతికాను.
పందిరికి గడి లేదు.

జూన్‌లో కాలువకి నీళ్లొదిలారు.
ఎర్రటి నీటి మీద ముందు చెత్తే వచ్చింది.
ఆ వారమే కొత్త అసిస్టెంటింజనీరు దిగాడు,
మెడలో ఇయర్‌ఫోన్లు, జీతం పన్నెండు లక్షలు.
అదే డి లైను, అదే ఇల్లు. అరవై వేలు.
వెల్ల వెయ్యలేదు, పెంకు సర్దలేదు,
కంపెనీ తాళం కూడా పాతదే.

"కారుతుందా సార్?"
ఉత్తరం గదిలో కారుతుందండీ, బకెట్టు పెట్టుకోండి.
సంతకం పెట్టి తాళం తీసుకుని వెళ్లబోతున్నవాణ్ణి
మళ్లీ పిలిచాను.
పెరట్లో దొండకాయలున్నాయి బాబూ.
రోజు విడిచి రోజు కొయ్యాలి.
ముదిరిపోతాయి.